చెన్నైలో హెచ్‌ఐవీ: నింద, అర్థాన్వేషణ

నయంకాని జబ్బు వచ్చినవాణ్ణి రెండు ప్రశ్నలు వదలవు: నాకే ఎందుకొచ్చింది, దీనికి కారకులెవరు. హెచ్‌ఐవీ విషయంలో రెండో ప్రశ్నకు జనం జవాబు ముందే సిద్ధం చేసిపెట్టుకున్నారు. భారతదేశంలో ఆ జబ్బు తొలిసారి బయటపడిన ఊరు చెన్నై.

ఎయిడ్స్ అంటే పాశ్చాత్యుల విచ్చలవిడితనానికి పట్టిన తెగులనీ, మన దేశపు గడప తొక్కదనీ అందరూ ధీమాగా ఉన్న రోజులవి. మద్రాసు మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ ప్రొఫెసర్ సునీతి సోలమన్, తన విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలకు ఆ వైరస్‌నే పరిశోధనాంశంగా ఇచ్చారు. నిర్మల, లైంగిక వృత్తి కేసుల్లో పట్టుబడి మైలాపూరు విజిలెన్స్ హోమ్‌లో ఉన్న స్త్రీలతో సహా 80 మంది దాకా రక్తం సేకరించి, ఆ నమూనాలను ఇంట్లో ఫ్రిజ్‌లో దాచారు. 1986 ఫిబ్రవరిలో రాత్రి రైలెక్కి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి (సీఎంసీ) పట్టుకెళ్లారు. పరీక్షలో ఆరు నమూనాలు పసుపు రంగుకు తిరిగాయి, అంటే వాటిలో వైరస్ ఉన్నట్టే. అమెరికాలో చేసిన పరీక్షా అదే తేల్చింది. రాష్ట్ర ఆరోగ్యమంత్రి హెచ్.వి. హండే ఈ సంగతిని శాసనసభలో ప్రకటించారు.

నింద ఆ హోమ్ గోడల దగ్గరే ఆగిపోయింది. అక్కడి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లెవరన్నది ఎవరూ లెక్కగట్టలేదు. తర్వాతి ఏళ్లలో వైరస్ ఇళ్లలోకి వచ్చింది. భర్త నుంచి సోకినా, అతను ముందు పోతే అత్తింటివాళ్ల నోట ఒకటే మాట: ‘మొగుణ్ణి మింగింది’. ఆస్తి పంచాల్సిన ఇంట్లో ఆ మాట మరీ గట్టిగా వినిపించేది. మగవాడి విషయానికొస్తే ‘చేసుకున్నవారికి చేసుకున్నంత’ అని సరిపెట్టేవారు. రక్తమార్పిడితో వచ్చినవాళ్లకూ, పుట్టుకతో వచ్చిన పిల్లలకూ ఈ సామెత ఎలా వర్తిస్తుందో చెప్పినవారు లేరు. జబ్బును నైతిక తీర్పుగా చదవడం ఒక్క మనకే ఉన్న అలవాటు కాదు; సూసన్ సొంటాగ్ 1989లో ఎయిడ్స్ మీద రాసిన పుస్తకమంతా ఈ సంగతే.

పొరుగున ఆంధ్రప్రదేశ్ కూడా దేశంలో హెచ్‌ఐవీ ప్రాబల్యం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటైంది. 2000ల తొలి ఏళ్లలో అక్కడి ఎయిడ్స్ అవగాహన హోర్డింగుల మీద ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్న వెలిసింది. ఊరంతా నవ్వుకుంది, జబ్బు పేరు నోళ్లలో నానింది. ఆ ప్రచారం సాధించింది అదే. పులిరాజా భార్య సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు.

ఆంధ్ర నుంచి హెచ్‌ఐవీ రోగులు చికిత్స కోసం చెన్నై శివారులోని తాంబరం శానిటోరియానికి వచ్చేవారు. 1928లో డాక్టర్ చౌరీ ముత్తు క్షయరోగుల కోసం పెట్టిన ఆసుపత్రి అది. ఆంధ్ర వైపు నుంచి వచ్చేవారికి తాంబరం నగరానికి రెండో కొస. ఊళ్లో తెలిసినవాళ్ల కంటపడకుండా మందులు తెచ్చుకోవాలనుకునేవారికి దూరం భారమూ, మరుగూ కూడా. 2004 ఏప్రిల్‌లో కేంద్రం వైరస్‌ను అణచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన తొలి కేంద్రాల్లో తాంబరం ఒకటి. వైరస్ పూర్తిగా పోదు. కానీ రోజూ మాత్ర వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే లైంగికంగా ఎదుటివారికి సోకదు.

మందుకన్నా ముందే కొందరికి బతకడానికి కారణం దొరికింది, అదీ సాటి రోగుల దగ్గర. 1990ల చివర్లో చెన్నైలో హెచ్‌ఐవీ ఉన్నవారి జాతీయ సంఘం, ఆ వెంటనే స్త్రీల సంఘం ఏర్పడ్డాయి. తనకెందుకొచ్చిందన్న ప్రశ్నతో వచ్చిన మనిషి, కొత్తగా వచ్చినవారికి మాత్రల వేళలు చెప్పే పనిలో పడేవారు. తండ్రి పేరిట వైఆర్‌జీ కేర్ స్థాపించిన సునీతి సోలమన్, రోగులకు సంబంధాలు కుదిర్చే పెళ్లిళ్ల పేరమ్మ కూడా అయ్యారు. చదువు, మతం, జీతంతో పాటు రక్తంలో వైరస్ ఎంతుందో కూడా చూసి జోడీ కలిపేవారు. ఆమె 2015లో మరణించారు. 2017లో పద్మశ్రీ ప్రకటించారు.

అదే ఏడాది పార్లమెంటు ఆమోదించిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఉద్యోగంలో, ఆసుపత్రిలో, బడిలో వివక్షను అది నిషేధిస్తుంది. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీకీ, 18 ఏళ్ల లోపు పిల్లలకూ ఉమ్మడిగా ఉంటున్న ఇంట్లో నివసించే హక్కునిస్తుంది: అంటే ‘మింగింది’ అన్నంత మాత్రాన కోడల్ని బయటికి పంపే వీల్లేదు.