నడూరు గోడ కింద

పదిహేడు మంది ఆ తెల్లవారుజామున లేవలేదు. చివర ఏమైందో మొదటే చెబుతున్నాను. దాచి చెప్పాల్సిన కథ కాదిది. 2019 డిసెంబరు 2, సోమవారం, సుమారు ఐదు గంటల వేళ, పొరుగింటి ప్రహరీ వాళ్ల ఇళ్ల మీద పడింది. పోయినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. పసివాళ్లూ ఉన్నారు.

తమిళనాడులోని కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం నీలగిరి కొండల పాదాన, భవానీ నది ఒడ్డున ఉంటుంది. ఊటీకి వెళ్లే బొమ్మరైలు అక్కడే బయలుదేరుతుంది. ఆ ఊరి నడూరులో అరుంధతీయుల వాడ ఒకటుంది. మా నాయుడుపేట చుట్టుపక్కల పల్లెల్లో అరుంధతీవాడలు ఉన్నట్టే. కోయంబత్తూరు వైపు అరుంధతీయుల్లో చాలామంది తరతరాలుగా గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం మాట్లాడుతూ బతికినవాళ్లు. అక్కడి ఏడుపు మనకు పరాయిది కాదు.

ఆ వాడను ఆనుకుని ఒక బట్టల దుకాణం యజమాని ఇల్లు. రెంటికీ నడుమ ప్రహరీ. ప్రహరీ అంటే మనకు తెలిసింది ఐదడుగులో, ఆరడుగులో. మీద చెయ్యి ఆనించి ఇరుగమ్మ పొరుగమ్మను పలకరించేంత ఎత్తు. నడూరు ప్రహరీ సుమారు ఇరవై అడుగులు. రాయి మీద రాయి పేర్చుకుంటూ పోయిన గోడ. నడుమ ఊతంగా పిల్లర్లు లేవని అది పడ్డాక లోకమంతా చూసింది. దాని నీడలోనే పెంకుటిళ్లు, వాటిలో రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబాలు. అంత ఎత్తు ఎందుకు? మమ్మల్ని చూడటం ఇష్టంలేకే కట్టారని వాడవాళ్లు అన్నారు. దళిత సంఘాలు దాన్ని అంటరానితనపు గోడ అన్నాయి. కట్టినవాడి మనసులో ఏముందో తేల్చడం కోర్టు పని. దొంగల భయానికైతే అంత ఎత్తు అక్కర్లేదని మాత్రం నాకు తోస్తుంది.

గోడ ప్రమాదకరంగా ఉందని, ఎత్తు తగ్గించమని ముందే మొరపెట్టుకున్నామని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు. తలుచుకుంటే గుండె చెరువయ్యేది ఇక్కడే. ఊతం లేని ఎత్తు గోడ తన బరువును నమ్ముకునే నిలబడుతుంది. వానకు నాని పునాది మట్టి మెత్తబడితే, వెనక చేరిన నీరు బయటికి పోయే దారిలేక నెట్టడం మొదలుపెడితే, ఆ బరువే దానికి శత్రువవుతుంది. పైనుంచి సగం రాళ్లు దించి ఉంటే సరిపోయేది. పది పది అడుగులకో పిల్లరు పోసి ఉన్నా, అడుగున నీళ్లు పోయే తూములు వదిలి ఉన్నా సరిపోయేదేమో. పదిహేడు ప్రాణాల పక్కన ఆ ఖర్చు ఎంతని?

చట్టమూ లేకపోలేదు. పడిపోయి ఇరుగుపొరుగుకు హాని చేసేలా ఉన్న కట్టడాన్ని తీసేయమనో, బాగుచేయమనో, ఊతం పెట్టమనో ఆదేశించే అధికారం అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ మేజిస్ట్రేటు చేతికి ఇచ్చింది. సరిగ్గా ఇలాంటి గోడ కోసమే రాసినట్టుంటుంది ఆ వాక్యం. కాగితం మీద అది ఉంది, కింద పడుకున్నవాళ్లు ఉన్నారు. రెంటినీ కలిపే చెయ్యి ఒక్కటి లేకపోయింది.

హెచ్చరికా కొత్తది కాదు. 2014 జులై 6న, మా ఊరి మీదుగా చెన్నైకి పోయే జాతీయ రహదారికి దగ్గర్లో, రెడ్‌హిల్స్ పక్క ఉప్పరపాళయంలో, ఒక గోదాము ప్రహరీ వానకు కూలి గుడిసెల్లో నిద్రపోతున్న పదకొండు మంది కూలీలను పొట్టన పెట్టుకుంది. వాళ్లలో ఆంధ్రా నుంచి వలసపోయినవాళ్లూ ఉన్నారు. అప్పుడూ తెల్లవారుజామే, అప్పుడూ వానే, అప్పుడూ గోడ పక్క పేదవాళ్లే. ఐదేళ్లు గడిచాయి. ఎవరూ గోడలు లెక్కపెట్టలేదు.

మళ్లీ నడూరుకు వస్తే, మార్గశిరం తొలిరోజులు. ఈశాన్య రుతుపవనాల వాన ఆ రాత్రి ఆగకుండా కురిసింది. చలికి దుప్పట్లు ముసుగు పెట్టి, పిల్లల్ని దగ్గరికి లాక్కుని అందరూ పడుకున్నారు. ఒక్క గంట ఆగి ఉంటే కొందరైనా లేచి పనికి బయలుదేరేవాళ్లు. గోడ ఆగలేదు.

తెల్లారాక శిథిలాల కింద నుంచి ఒక్కొక్కరినీ తీశారు. ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్న ఒక తండ్రి ఆ దుఃఖంలోనే వాళ్ల కళ్లు దానం చేయడానికి ఒప్పుకున్నాడు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గోడకు అవతల ఎవరున్నారో చూడటమే వద్దనుకున్న లోకానికి ఆయన ఇచ్చింది చూపు.

న్యాయం కావాలని ఆసుపత్రి దగ్గర బైఠాయించిన వాళ్ల మీద పోలీసులు లాఠీలు ఝళిపించారు. మర్నాడు ఇంటి యజమానిని అరెస్టు చేశారు. అప్పటి ముఖ్యమంత్రి పళనిస్వామి వచ్చారు. నాలుగు లక్షలన్న పరిహారం పది లక్షలైంది. ఇళ్లు కట్టిస్తామన్నారు, ఉద్యోగాలన్నారు. బతికుండగా ఒక్క దరఖాస్తుకు రాని కదలిక, చచ్చాక రెండు రోజుల్లో వచ్చింది.

ఆ ఈశాన్య వాన మనకూ ఉంది. స్వర్ణముఖి నది పొంగేదీ ఆ వానల్లోనే. నాయుడుపేటలో ఇప్పుడు సందు సందునా మిద్దెలు లేస్తున్నాయి. హద్దు గోడను ఆనుకుని గదులు, వాటి మీద ఇంకో అంతస్తు. పక్కింటాయనతో మాట పట్టింపు ఎందుకని ఊరుకునేవాళ్లే ఎక్కువ. మీ ఇంటి మీదికి ఒరిగిన గోడ ఉంటే, బీటలు వారుతున్న కట్టడం ఉంటే, ఊరుకోకండి. పైన చెప్పిన 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్‌గా ఉంది. ఫొటోలు తీసి, తెల్లకాగితం మీద రాసి, ఆర్డీవో కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోండి. మున్సిపాలిటీకీ ఒక ప్రతి ఇవ్వండి. మీ కోసం కాకపోతే, ఆ గోడ కింద గుడిసె వేసుకుని కాగితం రాయలేనివాళ్లుంటే వాళ్ల తరఫున రాయండి. ఈశాన్య వానలు అక్టోబరులో మొదలవుతాయి. అంతకు ముందే రాయండి.