పెనుకొండ రాజుల కథ ఎవరు రాశారు?



హిందూపురం నుండి ధర్మవరం వెళ్లే రైలు పెనుకొండ మీదుగానే పోతుంది. 1565లో తళ్లికోట యుద్ధములో అళియ రామరాయలు చనిపోయాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు హంపీ విడిచి పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. ఇది మనలో చాలామందికి తెలిసిందే. ఆ రాజుల సంగతులు మనదాకా ఎలా వచ్చాయన్నది మాత్రం అంతగా ఆలోచించము.

దూరదేశములోనూ ఇదే సంగతి. నార్వే రాజుల చరిత్రను ఐస్‌లాండ్ వాడైన స్నోరి స్టుర్లుసన్ 1230 ప్రాంతములో రాశాడు. ఇలాంటి వచన కథలను వాళ్లు సాగాలంటారు. అందులో పెద్ద కథ ఓలాఫ్ రాజుది. ఆయన యుద్ధములో పడిపోయింది 1030లో, అంటే రాయడానికి రెండు వందల ఏండ్ల ముందు! ఆస్థాన కవుల పద్యాలు, పెద్దల నోటి మాటలే స్నోరికి పెద్ద ఆధారము. మన రాయవాచకము చదివితే, రాసినవాడు కృష్ణదేవరాయల ఎదుటే నిలబడి ఉన్నట్టుంటుంది. కానీ రాయలు 1529లో చనిపోయిన చాలా ఏండ్లకు, మధుర నాయకుల ఆస్థానములో అది పుట్టిందని పరిశోధకులంటారు. తమ ఏలుబడికి హంపీ పేరు తోడుంటే మంచిదని వారికి తోచి ఉంటుంది.

లేపాక్షి సంగతీ చూడండి. అక్కడి రాతి శాసనాలు అచ్యుతరాయల కాలపు దానాలను చెబుతాయి. విరుపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడన్నది జనము నోట నిలిచిన కథ.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరు. పెనుకొండలో ఏలుబడి మొదలుపెట్టి తర్వాత చంద్రగిరికి మారిన వెంకటపతి రాయలు 1614లో చనిపోయాడు. తన అన్న కొడుకు శ్రీరంగరాయలకు రాజ్యము అప్పగించి పోయాడు. అది గొబ్బూరి జగ్గరాయుడికి నచ్చలేదు. తన చెల్లెలైన రాణి కొడుకని చెప్పిన పిల్లవాణ్ణి ముందుకు తెచ్చి, శ్రీరంగరాయలను కుటుంబముతో సహా చెరలో పెట్టాడు. చివరికి వారందరినీ చంపించారు. ఒక్క కొడుకు మాత్రము మిగిలాడు, రామదేవుడు. యాచమ నాయకుడు పంపగా, బట్టలు ఉతికే రజకుడొకడు ఆ పిల్లవాణ్ణి మైలబట్టల మూటలో దాచి బయటికి తెచ్చాడు. దొరికితే వాడి ప్రాణము, ఇంటిల్లిపాది ప్రాణము పోయేవే.

ఈ సంగతి బరాదాస్ అనే పోర్చుగీసు జెస్యూట్ పాదిరి 1616లో రాసిన ఉత్తరములో ఉంది. రాబర్ట్ స్యూయెల్ 1900లో తన పుస్తకములో దాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాడు. వెంకటపతి, జగ్గరాయుడు, యాచముడు, అందరి పేర్లూ అందులో ఉన్నాయి. మూట మోసినవాడు మాత్రము వట్టి రజకుడే.

రెండవ రాజుల గ్రంథము పదకొండవ అధ్యాయము మీకు గుర్తొచ్చే ఉంటుంది. అతల్యా రాజవంశమును చంపిస్తున్నప్పుడు యోవాషును దాచిన యెహోషెబ పేరు అక్కడుంది. పసివాడితో కూడా దాగిన దాది పేరు లేదు.

తర్వాత కావేరి తీరాన తోపూరు దగ్గర పెద్ద యుద్ధము జరిగింది, జగ్గరాయుడు చచ్చాడు. రామదేవుడు రాజయ్యాడు.