పూతమందు నుంచి నొప్పి బిళ్ల దాకా

నూజివీడు ప్రాంతంలో ఒంటినొప్పుల వైద్యం ఒకప్పుడు ఒంటి పైపైనే జరిగేది. వావిలాకు వేసి కాచిన నీళ్ల స్నానం, ఉప్పు మూటతో కాపడం, ఆముదంతో మర్దనా. తర్వాత ఇంటింటికీ చేరిన అమృతాంజనమూ పూతమందే. 1893లో బొంబాయిలో దాన్ని మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుది ఉమ్మడి కృష్ణా జిల్లాలోని ఎలకుర్రు. పూతమందు పడకపోతే చర్మం మండుతుంది, కడిగేసుకోవచ్చు. బిళ్ల వచ్చాక ఉపశమనం పెరిగింది, హాని మాత్రం కంటికి కనబడని చోటికి వెళ్లింది. ఐబుప్రొఫెన్ 1969లో బ్రిటన్‌లో, డైక్లోఫెనాక్ 1974లో జపాన్‌లో అమ్మకానికి వచ్చాయి. మన చట్టం ప్రకారం డైక్లోఫెనాక్ బిళ్లను డాక్టరు చీటీ మీదే అమ్మాలి. ఆనవాయితీ వేరు. నొప్పులకని నాలుగు బిళ్లలు అడిగితే షాపులో షీటును కత్తెరతో కత్తిరించి ఇస్తారు. హెచ్చరిక అచ్చయిన భాగం తరచూ ఆ మిగతా షీటులోనే ఉండిపోతుంది.

ఈ బిళ్లలు ఎలా పనిచేస్తాయో 1971లో జాన్ వేన్ చూపించాడు; 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. నొప్పినీ వాపునీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లను ఒంట్లో తయారు కాకుండా ఇవి ఆపుతాయి. కడుపు లోపలి పొరను కాపాడేవీ, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేవీ కూడా ఆ పదార్థాలే. అందుకే నాకు అన్నిటికన్నా భయం మామిడి కోతల కాలమంటేనే. ఏప్రిల్, మే ఎండల్లో తల పైకెత్తి చిక్కం గెడతో రసాలు దించి, కాయల గంపలు మోసేసరికి మెడా నడుమూ పట్టేస్తాయి, ఒంట్లో నీరంతా చెమటగా పోతుంది. సరిగ్గా అప్పుడే బిళ్ల పడుతుంది. అదే బిళ్ల, అదే మోతాదు, చల్లని రోజున నీడపట్టున కూర్చున్న మనిషికి ఇంత ప్రమాదం కాదు.

కిడ్నీ జబ్బులకు కారణం నీళ్లే కదా అంటారు. నూజివీడుకు దగ్గర్లోని ఎ.కొండూరు తండాల్లోని కిడ్నీ జబ్బు విషయంలో అనుమానం ఎక్కువగా బోరు నీటి మీదే ఉంది. దాన్ని నేను కొట్టిపారేయను, ఆ జబ్బంతా బిళ్లల వల్లేనని కూడా అనను. కానీ నీళ్లు దోషమైతే బిళ్ల నిర్దోషి అయిపోదు. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీకే అది మరింత చేటు. గ్యాస్ బిళ్ల కలిపి వేసుకుంటే చాలన్న ధీమా ఇంకొకటి. అది కాపాడేది కడుపును, కిడ్నీని కాదు. రోజు పోతే కూలి పోతుందన్న మాట మాత్రం నిజం, దానికి నా దగ్గర తేలిక జవాబు లేదు. స్విట్జర్లాండ్‌లో గడియారాల పరిశ్రమ కార్మికులూ పని ఆగకూడదనే ఫెనసెటిన్ ఉన్న బిళ్లలు ఏళ్ల తరబడి మింగారు. ఇలాంటి నొప్పి బిళ్లల వాడకానికీ కిడ్నీ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని అక్కడి డాక్టర్లు 1953లోనే రాశారు. అమెరికా ఆ మందును ఆపింది 1983లో. అది వేరే జాతి మందే, కానీ వాడిన తీరు ఇదే. ఏళ్లుగా వేసుకుంటున్నా ఏమీ కాలేదనేవాళ్లు ఒక సంగతి గమనించాలి: కిడ్నీ పని దాదాపు సగానికి పడిపోయేదాకా క్రియాటినిన్ పరీక్షలో కూడా తేడా స్పష్టంగా కనబడకపోవచ్చు.