రాజ్యలక్ష్మమ్మ గారు

కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు వినని గ్రంథాలయ పాఠకుడు ఉండడు. ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు పడిన పాటు ఎరిగినవారు మాత్రము తక్కువ.

పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. 1861లో, పసితనముననే వివాహమయ్యెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. కులమువారు వెలివేసిరి. వంటవారు రామనిరి, నీళ్లు మోయువారు మానుకొనిరి. అప్పుడు బిందె చంకనిడుకొని గోదావరికి పోయి నీరు తెచ్చినవారు రాజ్యలక్ష్మమ్మగారే. ఇంటికి వచ్చినవారికి వండి వడ్డించినవారును ఆమెయే. సభలో ఉపన్యసించుటకు ధైర్యము కావలెను, నిజమే. బంధువులు మొగము చాటువేయుచుండగా అదే వీధిని నీరు మోయుటకు కావలసిన ధైర్యము వేరు.

ఆమెకు కడుపున పుట్టిన బిడ్డలు లేరు. అయినను ఆశ్రయము కోరి వచ్చిన బాలవితంతువులకు తల్లి ఆమెయే. కన్నవారి గడప దాటి వచ్చిన పిల్లకు మొదట కావలసినది వరుడా? కాదు, పిడికెడన్నము, భయము తీర్చు ఒక మాట. ఆ రెండును ఆమె చేతనుండెను. పెండ్లియైన పిమ్మట పుట్టింటివారు రానీయని ఆ పిల్లలకు పుట్టిల్లు ఇదియే.

1906లో ఏర్పడిన హితకారిణీ సమాజమునకు పంతులుగారు తమ యావదాస్తిని వ్రాసి యిచ్చిరి. రాజ్యలక్ష్మమ్మగారు 1910లో కన్నుమూసిరి. పంతులుగారు ఆ పిమ్మట తొమ్మిదేండ్లు జీవించిరి.