నింగి సవ్వడికి వెడల్పైన తూము



మన యింటి రేడియోలో ముల్లు త్రిప్పి యొక్క స్టేషనుకడ నిలుపుదుము. తక్కినవి వినబడకుండుటయే దాని మంచితనము. నక్షత్రలోకమునుండి వచ్చు రేడియో తరంగములను పట్టు యంత్రమునకు ఆ గుణమే దోషమగుచున్నది.

ఈ తరంగములను మొదట గుర్తించినవాడు కార్ల్ జాన్‌స్కీ యను అమెరికా ఇంజనీరు. సముద్రము దాటు టెలిఫోను మాటలకు అడ్డువచ్చు గరగర యెక్కడిదో వెదకుచు, అందు కొంత ధనూరాశి దిక్కునుండి వచ్చుచున్నదని 1933లో ప్రకటించెను. మన దేశమున గోవింద స్వరూప్ గారి బృందము 1970లో ఉదకమండలమున 530 మీటర్ల పొడవుగల రేడియో దూరదర్శినిని నిలిపెను. ఆ స్థలముయొక్క అక్షాంశమెంతయో అంతే వాలుగల కొండను వెదకి కట్టుటచేత, ఒక్క యిరుసుపై త్రిప్పినను అది గంటల తరబడి నక్షత్రము వెంట పోగలదు. డబ్బు చాలనిచోట బుద్ధి పనిచేసిన తీరు ఇది.

పిమ్మట 1990 దశకమున పూనా చేరువ నారాయణగావ్ కడ 45 మీటర్ల వ్యాసముగల గిన్నెలు 30 నిర్మించిరి. రేకులకు మారుగా సన్నని ఉక్కుతీగెల వలను పరచిరి. గాలి దానినుండి దూరిపోవును. వాని తొలి గ్రాహకయంత్రములు ఒక్కమారు 32 మెగాహెర్ట్జుల వెడల్పునే గ్రహించెడివి.

జొన్నాడవారికి కాలువల సంగతి చెప్పనక్కరలేదు. తూము వెడల్పైనకొలది నీరు హెచ్చుగా పారును. నింగి సవ్వడి మిక్కిలి సూక్ష్మము; యంత్రముయొక్క సొంత రొదలోనే మునిగిపోవును. వెడల్పు నాలుగింతలైనచో గ్రహణశక్తి రెండింతలగును. గిన్నెలను పెంచుట మహావ్యయము. కావున 2010 దశకమున గిన్నెలను అట్లే యుంచి గ్రాహకములను మార్చిరి. ఇప్పుడవి ఒక్కమారు 400 మెగాహెర్ట్జులవరకు పట్టగలవు.

అయితే తూము వెడల్పైనచో గుర్రపుడెక్కయు కొట్టుకొనివచ్చును. టెలివిజను, సెల్‌ఫోను స్తంభముల తరంగములు చొరబడి సున్నితమైన యాంప్లిఫయరును ఉక్కిరిబిక్కిరి చేయును. ఆ తరంగములను మాత్రము ఆపు జల్లెడలను అమర్చవలసి వచ్చెను. అంతటి వెడల్పునందును ఒకే తీరున, తన రొదను మిక్కిలిగా కలుపక, సవ్వడిని పెంచు యాంప్లిఫయరును రూపొందించుట సామాన్యమైన పని కాదు.

ఇంత శ్రమ యేల? హైడ్రోజన్ వాయువు 1420 మెగాహెర్ట్జులయొద్ద పలుకును. విశ్వము వ్యాకోచించుటచేత మిక్కిలి దూరపు గెలాక్సీల పలుకు సాగి, 710 ప్రాంతమునకు దిగును. పాత యంత్రములకు అది చెవికందని సందు. క్రొత్త యంత్రమొకటి 550 మొదలు 850 వరకు ఒక్కసారిగా వినును. 2020లో ప్రకటించిన పరిశోధనయందు 7,653 గెలాక్సీల సవ్వడిని కూర్చి చూడగా, సుమారు 800 కోట్ల సంవత్సరములనాటి వాయువు నిలువ తేలినది. నాటి గెలాక్సీలు నక్షత్రములను పుట్టించు వేగమునకు ఆ గాదె నూరు, ఇన్నూరు కోట్ల సంవత్సరములలో నిండుకొనును. పిమ్మట నక్షత్రజననము తగ్గుటకు కారణమదియే యని ఆ పరిశోధకుల యభిప్రాయము.