రెండు సీట్ల బండి పుట్టుపూర్వోత్తరాలు

మోండా మార్కెట్ సందుల్లోకి పొద్దున పూట కారు తీసుకెళ్ళే సాహసం సికింద్రాబాదులో పుట్టి పెరిగినవాళ్ళు చెయ్యరు. ఎటు నుంచి వచ్చినా బండి బయటెక్కడో ఆపి, సంచి పట్టుకుని నడవాల్సిందే. లోపల రాజ్యం తోపుడు బళ్ళది, ట్రాలీ ఆటోలది, స్కూటర్లది. ప్రయాణికుల ఆటో వెడల్పు 1.3 మీటర్లు. పాత అంబాసిడర్ వెడల్పు దాదాపు 1.66 మీటర్లు. సందులో ఏది పడుతుంది, ఏది పట్టదు అన్నది ఆ జానెడున్నర తేడాతోనే తేలిపోతుంది.

1991లో జపాన్‌లో సుజుకీ కంపెనీ కపుచినో అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేసింది. వెడల్పు 1.395 మీటర్లు, బరువు 700 కిలోల దగ్గర. ఆటో దూరిన చోట ఇంచుమించు అదీ దూరుతుంది. తొలి కపుచినోలో పెట్టిన మూడు సిలిండర్ల ఇంజనూ, మన మారుతి 800 ఇంజనూ సుజుకీ వారి ఒకే ఎఫ్ కుటుంబంలో పుట్టినవి. దానికి టర్బో తగిలించి 64 హార్స్‌పవర్ రాబట్టారు. మోండాకి కూతవేటు దూరంలో ఉన్న రాణీగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లో మారుతి 800 సామాన్లు ఏళ్ళ తరబడి కుప్పలు తెప్పలుగా అమ్ముడయ్యాయి. దాని చుట్టం మాత్రం మన దేశంలో అమ్మకానికే రాలేదు.

తేలికపాటి స్పోర్ట్స్ కారు చరిత్ర చదివే కొద్దీ నన్ను పట్టి లాగుతున్నది ఈ విషయమే. ఆ బండికి కావలసిన సరంజామా మన దగ్గర లేక కాదు. తెలుగువాళ్ళ గడప దాకా అది ఒకటికి నాలుగుసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక కారణాన ఆగిపోయింది, లేదా వేరే రూపు తొడుక్కుంది.

అసలు తేలిక అన్నది ఎందుకంత గొప్ప? సరుకు నిండిన తోపుడు బండినీ, ఖాళీ బండినీ మోండాలో మలుపు తిప్పేవాళ్ళని గమనిస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. నిండు బండిని కదిలించడం కష్టం, ఆపడం ఇంకా కష్టం, తిప్పడం అన్నిటికన్నా కష్టం. కారుకీ అంతే. ఇంజన్ బలం పెంచితే బండి వేగంగా పరుగందుకుంటుంది, అక్కడితో సరి. బరువు తగ్గిస్తే పరుగూ, బ్రేకూ, మలుపూ మూడూ ఒకేసారి బాగుపడతాయి. పైగా తేలిక తేలికను కంటుంది. ఒళ్ళు తేలికైతే చిన్న ఇంజన్ చాలు. చిన్న ఇంజనైతే చిన్న బ్రేకులు, సన్నటి టైర్లు, పల్చటి ఛాసిస్ సరిపోతాయి. దాంతో బరువు మళ్ళీ తగ్గుతుంది. పవర్ స్టీరింగ్ అక్కర్లేదు కాబట్టి రోడ్డు మీది గరుకు నేరుగా వేళ్ళకు తెలుస్తుంది. నలభై కిలోమీటర్ల వేగంలోనే బండితో మాట్లాడుతున్నట్టుంటుంది. పెద్ద బళ్ళలో ఆ అనుభవం కోసం వంద దాటాలి, వంద దాటే రోడ్డు మనకి ఊళ్ళో ఎక్కడుంది?

ఈ లెక్కను ఒక సిద్ధాంతంగా మార్చినవాడు ఇంగ్లండుకు చెందిన కాలిన్ చాప్‌మన్. అంతకు ముందే 1922లో ఆస్టిన్ సెవెన్ వచ్చింది. 747 సీసీ ఇంజన్‌తో, మామూలు మనిషి కొనుక్కోగలిగిన బుల్లి కారు. తర్వాతి పాతికేళ్ళలో ఎంతోమంది కుర్రాళ్ళు పాత ఆస్టిన్ సెవెన్లు కొని, పై ఒళ్ళు పీకేసి, షెడ్లలో సొంత రేసు బళ్ళు కట్టుకున్నారు. చాప్‌మన్ తొలి కారు కూడా 1948లో అలా పుట్టిందే. 1957లో అతని లోటస్ కంపెనీ సెవెన్ అనే బండి తెచ్చింది. తలుపుల్లేవు, డిక్కీ లేనట్టే, వాన వస్తే గుడ్డ టాపు. ఆ డిజైన్ హక్కులు 1973లో కేటర్‌హామ్ కంపెనీ కొనుక్కుంది, ఆ బండి ఇవాళ్టికీ తయారవుతోంది. తీసేయడానికి ఇక ఏమీ మిగలని బండికి పాతబడే భయం కూడా ఉండదేమో.

ఇక మన వైపుకి వద్దాం. మొదటి కథ కోయంబత్తూరుది. అక్కడి కమ్మ నాయుళ్ళు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళలో ఒకరు జి.డి. నాయుడు. 1893లో పుట్టారు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి, యూనివర్సల్ మోటార్ సర్వీస్‌ను పెద్ద సంస్థగా పెంచారు. బడి చదువు అంతంత మాత్రమే అయినా ఎలక్ట్రిక్ మోటార్ల నుంచి షేవింగ్ రేజర్ దాకా సొంతంగా తయారు చేసిన మనిషి. 1952లో ఆయన దగ్గర రెండు సీట్ల పెట్రోలు కారు తయారైంది. అనుకున్న ధర 2,000 రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, ఉత్పత్తి ఆగిపోయింది. అది స్పోర్ట్స్ కారేమీ కాదు. కానీ లోకంలో తేలికపాటి స్పోర్ట్స్ కార్లన్నీ ఇలాంటి చవక బుల్లి కార్ల కడుపున పుట్టినవే. ఇంగ్లండులో ఆస్టిన్ సెవెన్ లేకపోతే లోటస్ లేదు. నాయుడుగారి బండి వేల సంఖ్యలో రోడ్డెక్కి, పదేళ్ళకు పాతబడి, కుర్రాళ్ళ చేతుల్లో పడి ఉంటే ఏమయ్యేదన్న ఊహ నన్ను ఇప్పటికీ వదలదు. లైసెన్సుల రాజ్యం వల్ల మనం కోల్పోయినవాటిలో ఇదొకటని నా గట్టి నమ్మకం.

రెండో కథ మద్రాసుది. అక్కడి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి 948 సీసీ ఇంజన్‌తో హెరాల్డ్ కారు తయారు చేసింది. హైదరాబాదు రోడ్ల మీద తిరిగిన ఆ కారు పెద్దవాళ్ళకు బాగా గుర్తుంటుంది. ముందరి బానెట్టూ మడ్‌గార్డులూ కలిపి ఒకే ముక్కగా ముందుకు వాలేవి, మెకానిక్ చక్రం మీద కూర్చుని ఇంజన్ పని చేసుకునేవాడు. 25 అడుగుల చోటుంటే బండి గుండ్రంగా తిరిగేసేది. గీసినవాడు ఇటలీ డిజైనర్ మికెలొట్టి. ఇంగ్లండులోని ట్రయంఫ్ కంపెనీ ఇదే హెరాల్డ్ ఛాసిస్‌ను కురచ చేసి, అదే మికెలొట్టి చేత రెండు సీట్ల ఒళ్ళు గీయించి, 1962లో స్పిట్‌ఫైర్ పేరుతో అమ్మింది. 1147 సీసీ, 63 హార్స్‌పవర్, 700 కిలోల పైచిలుకు బరువు. లక్షల్లో అమ్ముడుపోయింది. అంటే ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఒక స్పోర్ట్స్ కారు ఛాసిస్ మన దగ్గరే తయారవుతుంటే, దాని మీద కూర్చున్నది మాత్రం ఫ్యామిలీ కారు ఒళ్ళు. తర్వాత 1970లలో హెరాల్డ్ స్థానంలో గెజెల్ వచ్చినప్పుడు వెనకాల ఒక్కో చక్రానికీ విడిగా ఉన్న సస్పెన్షన్ కూడా తీసేసి, మన రోడ్లకు తట్టుకుంటుందని ఒకే కడ్డీ యాక్సిల్ పెట్టారు. ఆ నిర్ణయాన్ని తప్పు పట్టలేను. ఇల్లు గడవడానికి కారు కొన్నవాడికి మలుపులో సొగసు కన్నా గుంటలో విరగని యాక్సిలే ముఖ్యం.

బెంగుళూరు ప్రయత్నాలు రెండు, త్వరగా చెప్పేస్తాను. 1982లో సిపానీ కంపెనీ ఇంగ్లండు రిలయంట్ కిటెన్ ఆధారంగా ఫైబర్‌గ్లాస్ ఒళ్ళుతో డాల్ఫిన్ తెచ్చింది. 848 సీసీ. రెండే తలుపులు. కుటుంబాలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు గానీ, తేలిక విలువ తెలిసిన రేసర్లు షోళవరం ట్రాక్ మీద దాన్ని ఇష్టంగా నడిపారు. ఆ తర్వాత 1998లో శాన్ మోటార్స్ వారి స్టార్మ్ వచ్చింది. ఇదీ ఫైబర్‌గ్లాస్ ఒళ్ళే, రెండు సీట్లు, తెరుచుకునే టాపు, 60 హార్స్‌పవర్ ఇచ్చే 1.2 లీటర్ల రెనో ఇంజన్. అది నూటికి నూరుపాళ్ళు స్పోర్ట్స్ కారుగానే పుట్టింది. కొన్నవాళ్ళు కొద్దిమందే.

అసలైన విజయం మళ్ళీ కోయంబత్తూరులోనే దొరికింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 650 కిలోల లోపు బరువు, 796 సీసీ ఇంజన్. ఊరంతా దాన్ని నలుగురు కూర్చునే బండిగా చూస్తే, జౌళి మిల్లుల కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ దాని ఇంజన్‌నీ గేర్‌బాక్సునీ మాత్రమే చూశారు. వాటిని తీసి గొట్టాలతో కట్టిన ఫ్రేములో పెట్టి, ఒకే సీటుతో, చక్రాలు బయటికి కనిపించే రేసు కారు తయారు చేశారు. అదే ఫార్ములా మారుతి. బండి చవక, సామాను ఊరూరా దొరుకుతుంది, విరిగితే బాగు చేసుకోవచ్చు. ఆస్టిన్ సెవెన్‌తో ఇంగ్లండు కుర్రాళ్ళు చేసిన పనే ఇక్కడ జరిగింది. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ రేసింగ్ మొదలుపెట్టింది ఫార్ములా మారుతితోనే. కరివర్ధన్ 1995లో అల్ట్రాలైట్ విమానం కూలి చనిపోయారు. 2003లో కోయంబత్తూరు పక్కన తెరిచిన 2.1 కిలోమీటర్ల ట్రాక్‌కు ఆయన పేరు మీదే కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. నన్నడిగితే, తెలుగు ఇళ్ళ నుంచి వచ్చిన ఇంజనీర్ల గురించి చెప్పుకునేటప్పుడు ఈ పేరు ఇంకా ఎక్కువగా వినిపించాలి.

అక్కడి దాకా సరే. రేపు అలాంటి రోడ్డు బండి ఒకటి మన చేతికి వస్తే, సికింద్రాబాదులో దానితో కాపురం ఎలా ఉంటుంది? తేలిక కోసం ఏం వదులుకోవాలో నిజాయితీగా చూడాలి. 1996 నాటి లోటస్ ఎలీజ్ తీసుకోండి. అంటించిన అల్యూమినియం ఛాసిస్, బండి మొత్తం బరువు 725 కిలోల దగ్గర, 118 హార్స్‌పవర్. ఇంత ఆనందమిచ్చే కారు అరుదని నడిపినవాళ్ళంతా అంటారు. కానీ దాని ఎత్తు మీటరుంబావు కూడా లేదు. పక్క గోడ దాటి లోపలికి దిగాలి. చీర కట్టుకున్న అమ్మనో, మోకాళ్ళ నొప్పులున్న నాన్ననో అందులో కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళడం కుదరని పని. ఇలాంటి బళ్ళు నేలకు అయిదంగుళాల ఎత్తున పాకుతాయి. మన కాలనీల్లో ఇష్టారాజ్యంగా పోసిన స్పీడ్‌బ్రేకర్ ఒక్కటి చాలు పొట్ట గీరుకోవడానికి. కపుచినో టాపు పలకలు విప్పితే అవి డిక్కీలోనే పెట్టుకోవాలి. ఇక మోండాలో కొన్న పది కిలోల ఉల్లిపాయలు పక్క సీట్లో కూర్చోవాలి, అంటే పక్క మనిషి దిగిపోవాలి. మే నెల ఎండకు ఏసీ లేకుండా పల్చటి గుడ్డ టాపు కింద కూర్చోలేం, ఏసీ పెడితే పాతిక కిలోల దాకా బరువూ, చిన్న ఇంజన్ మీద భారమూ. ఫైబర్‌గ్లాస్ ఒళ్ళు సొట్టపడదు, పగులుతుంది. రేకును సుత్తితో సరిచేసే టింకరింగ్ మేస్త్రీ నైపుణ్యం దానికి పనికిరాదు.

అన్నిటికన్నా బరువైన రాజీ ప్రాణానిది. 700 కిలోల కారూ 2,100 కిలోల ఎస్‌యూవీ చెరో 40 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దుకుని అతుక్కుపోయాయనుకోండి. లెక్క వేస్తే పెద్ద బండి వేగంలో వచ్చే మార్పు 20 కిలోమీటర్లు, చిన్న బండిది 60. లోపలి మనిషికి తగిలే దెబ్బ ఆ మార్పును బట్టే ఉంటుంది. మంచి క్రంపుల్ జోన్లూ, ఎయిర్‌బ్యాగులూ ఆ దెబ్బను కొంత తగ్గిస్తాయి గానీ తేడాను చెరిపెయ్యలేవు. చుట్టూ తిరిగే బళ్ళు ఏటేటా బరువెక్కుతుంటే తేలిక బండిలో కూర్చోవడం ఏటేటా ఎక్కువ ధైర్యం కోరుతుంది. ఈ ఆనందం ఇష్టపడేవాళ్ళు ఈ మాట దాచకూడదు.

అయినా జపాన్‌లో ఇలాంటి బళ్ళు ఎందుకు పుట్టాయి, మన దగ్గర ఎందుకు పుట్టలేదు? చట్టమే చాలా వరకు కారణం. 1990లో జపాన్ చిన్న కార్లకు ఇంజన్ 660 సీసీ, పొడవు 3.3 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు మించకూడదని గీత గీసి, పన్నులో రాయితీ ఇచ్చింది. అన్ని వైపులా కట్టడి ఉండడంతో ఇంజనీర్లు ఆ పెట్టెలోనే ఆటలాడారు. సుజుకీ కపుచినో, హోండా బీట్, మాజ్డా వారి ఆటోజామ్ ఏజెడ్-1 రెండేళ్ళ వ్యవధిలో వచ్చాయి. మనం 2006లో ఇచ్చిన సుంకం రాయితీ ప్రధానంగా కొలిచింది పొడవును: నాలుగు మీటర్లలోపు. వెడల్పు, ఎత్తు, బరువు స్వేచ్ఛగా వదిలేసింది. అందుకే మనకు తోక కోసిన సెడాన్లూ, ఎత్తుగా నిలబడే బుల్లి ఎస్‌యూవీలూ వచ్చాయి. బరువును బట్టి పన్ను వేసి ఉంటే ఇవాళ రోడ్లు వేరేగా ఉండేవని నేననుకుంటాను, మోండా సందులతో సహా.

2025లో మన దేశంలోకి రెండు సీట్ల ఎంజీ సైబర్‌స్టర్ వచ్చింది. 1929లో 847 సీసీ మిడ్జెట్‌తో మామూలు ఉద్యోగికి స్పోర్ట్స్ కారు అందించిన పేరు అది. ఇప్పటిది బ్యాటరీ బండి, 500 హార్స్‌పవర్ పైమాటే, బరువు దాదాపు 2 టన్నులు. చూడటానికి అందమైన కారే. అయితే తేలికపాటి స్పోర్ట్స్ కారు వంశంలో దాన్ని కలపలేను. దానికన్నా, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున పరుగు తీసిన ఫార్ములా ఈ కార్లు ఆ దారికి దగ్గర. అవీ బ్యాటరీవే, డ్రైవర్‌తో కలిపి 850 కిలోల దగ్గర తూగాయి. బ్యాటరీ ఉన్నంత మాత్రాన బండి ఏనుగు కానక్కర్లేదని ఆ రోజు ఊరంతా కళ్ళారా చూసింది.

తేలిక బండి నడపాలన్న కోరిక నిజంగా ఉన్నవాళ్ళకు నా సలహా ఒకటే: కొనుగోలు ఆలోచన పక్కన పెట్టి, సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోయంబత్తూరులో దిగండి. కరి ట్రాక్ మీద ఎల్‌జీబీ ఫార్ములా 4 పోటీల్లో పిల్లలు నడిపేవి 1.3 లీటర్ల సుజుకీ ఇంజన్ పెట్టిన ఒంటి సీటు బళ్ళు. కరివర్ధన్ వేసిన దారిలోనివే. డ్రైవింగ్ నేర్పే రేసింగ్ స్కూళ్ళు మన దేశంలో ఉన్నాయి. అక్కడ ఎదురుగా ఎస్‌యూవీ రాదు, స్పీడ్‌బ్రేకర్ ఉండదు, ఉల్లిపాయల సంచికి చోటు వెతకనక్కర్లేదు.