పోయినవాళ్లు, మిగిలిన ఉస్తాద్

మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల గల్లీల్లో కువైట్ వెళ్లిన నౌజవాన్ల హిసాబ్ వేసినప్పుడల్లా నాకు హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీము యాదికొస్తుంది.

1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన టీము అది. కలకత్తా క్లబ్బులు పిలిస్తే మన ఆటగాళ్లు రోజీ కోసం వెళ్లిపోయేవారు. 1957లో తులసీదాస్ బలరాం హైదరాబాద్ వదిలి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. అయినా ఆ ఏటి డ్యూరాండ్ కప్ ఫైనల్లో మన పోలీసులు 2-1తో ఓడించింది ఆ ఈస్ట్ బెంగాల్‌నే! 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మళ్లీ డ్యూరాండ్ తెచ్చారు.

ఎట్లా? కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఒకప్పటి స్కూలు టీచర్. ఒక షాగిర్ద్ పోతే ఇంకొకణ్ణి తయారుచేసే ఉస్తాద్.

1963లో ఆయన ఇంతెకాల్ అయ్యారు. 1966లో హబీబ్, నయీముద్దీన్ కూడా కలకత్తా దారి పట్టారు. డ్యూరాండ్ మాత్రం ఆ టీముకు మళ్లీ దక్కలేదు.

రోజీ కోసం పోయేవాళ్లను ఆపలేం. మన మొహల్లాలో తర్వాతి పిల్లలకు తాలీమ్ ఇచ్చే ఉస్తాద్ మిగిలాడా లేదా, నా ఫికర్ అంతా అదే.